వెంట్రుకంత రాగి పోగు: ఇంట్లో డీజే సెటప్‌కి స్పీకర్లు కలిపిన నా అనుభవం

పాట మొదలై నిమిషం కూడా కాలేదు. ఆంప్ (పాట సిగ్నల్‌ని పెంచి స్పీకర్లకి పంపే ఆంప్లిఫయర్) లోపల టక్‌మని చిన్న చప్పుడు, ముందు వైపు ఎర్ర లైటు, గదంతా నిశ్శబ్దం. పాటలు కలిపే డీజే కంట్రోలర్ మీద లైట్లు మాత్రం ఏమీ జరగనట్టు ఆడుతూనే ఉన్నాయి. వాల్యూమ్ తిప్పి చూశాను. స్విచ్ ఆపి మళ్ళీ వేశాను. మళ్ళీ అదే టక్, మళ్ళీ అదే ఎర్ర లైటు. ఇంటికి తెచ్చిన మొదటి రాత్రే ఆంప్‌ని కాల్చేశాననుకుని కుర్చీలో కూలబడ్డాను.

ఆంప్ కాలలేదు. తనను తాను కాపాడుకుంది. ఆ సంగతి నాకు మర్నాటికి గానీ అర్థం కాలేదు.

అప్పటికి నా దగ్గర ఉన్నవి రెండు డెక్కుల కంట్రోలర్, ల్యాప్‌టాప్, బాబాయి వాడకుండా పక్కన పెట్టేసిన పాత స్టీరియో ఆంప్, ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు. అవి పాసివ్ స్పీకర్లు, అంటే లోపల ఆంప్ ఉండదు, బయటి నుంచి వైరు లాగి పవర్ ఇవ్వాలి. లోపలే ఆంప్ ఉండే యాక్టివ్ స్పీకర్లైతే కంట్రోలర్ నుంచి నేరుగా వాటికే కేబుల్ పెట్టేస్తే సరిపోయేది, ఈ కథంతా ఉండేది కాదు. కొత్తగా కొనేవాళ్ళెవరైనా నన్నడిగితే యాక్టివ్ స్పీకర్లే తీసుకోమంటాను. నాకు మాత్రం చేతిలో ఉన్నదాన్ని వాడుకోవాలన్న పట్టుదల.

మా అక్క స్టేజీ ప్రోగ్రాములకి సౌండ్ పని చేస్తుంది. రాత్రే ఫోన్ చేస్తే నవ్వుతుందని ఆగి, పొద్దున్నే చేశాను.

"అక్కా, ఆంప్ పోయినట్టుంది. ఎర్ర లైటు వస్తోంది."

"వాసనేమైనా వచ్చిందా? పొగ?"

"లేదు."

"అయితే ముందు ప్లగ్గు పీకెయ్. పీకాక వెనకాల ఫొటో తీసి పంపు."

ఫొటో పంపిన అర నిమిషానికి దాన్నే పెద్దది చేసి, ఒక చోట గుండ్రంగా గీత గీసి తిరిగి పంపింది. ఆంప్ వెనకాల వైరు బిగించే ఎర్ర టర్మినల్‌లోకి దూర్చిన వైరు నుంచి ఒకే ఒక్క రాగి పోగు, వెంట్రుకంత సన్నంగా, బయటికి వంగి పక్కనున్న నల్ల టర్మినల్‌ని తాకుతోంది. నేను ఆ వైపు పది సార్లు చూసి ఉంటాను. ఒక్కసారీ కంటపడలేదు.

ఆంప్‌కి స్పీకర్ అంటే ఒక అడ్డు, దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. 8 ఓమ్‌ల స్పీకర్ పెడితే ఆంప్ పంపే కరెంటుని అది ఓ హద్దులో ఉంచుతుంది. ప్లస్, మైనస్ నేరుగా తగిలితే ఆ అడ్డు దాదాపు సున్నా అయిపోతుంది. అప్పుడు ఆంప్ తన దగ్గరున్న కరెంటంతా ఆ పోగులోంచి తోసెయ్యాలని చూస్తుంది. ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉన్న ఆంప్ రిలే అనే లోపలి స్విచ్ తెరిచి అక్కడితో ఆపేస్తుంది. ఆ టక్ చప్పుడు రిలేదే. ప్రొటెక్షన్ లేని ఆంప్ అయితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి. బాబాయి ఆంప్ మంచిది కాబట్టి బతికిపోయాను. నేనేమో దాన్ని మళ్ళీ మళ్ళీ ఆన్ చేసి ఓపికని పరీక్షించాను. ఎర్ర లైటు వచ్చాక చెయ్యకూడని పని అదే.

అక్క ఇంకో పరీక్ష కూడా చేయించింది. స్పీకర్ వైర్లన్నీ తీసేసి, ఉత్త ఆంప్‌ని ఆన్ చెయ్యమంది. కొన్ని సెకన్లకి టక్‌మని రిలే మూసుకుంది, ఎర్ర లైటు రాలేదు. "బయట పెట్టుకున్న తప్పే. లోపల బాగానే ఉంది," అంది. అయినా పాత ఆంప్ కాబట్టి వోల్టులూ ఓమ్‌లూ కొలిచే మల్టీమీటర్‌ని డీసీ (ఒకే దిక్కుకి పారే కరెంటు) మిల్లీవోల్టుల్లో పెట్టి, పాటేమీ లేకుండా, వాల్యూమ్ సున్నాలో ఉంచి, స్పీకర్ టర్మినళ్ళ మీద కొలవమంది. ఒక వైపు 12, ఇంకో వైపు 18 వచ్చింది. యాభైకి లోపు ఉంటే కంగారు లేదట. వోల్టుల్లో వస్తే మాత్రం ఆ ఆంప్‌కి స్పీకర్ పెట్టకూడదు. డీసీ ఆగకుండా పారితే స్పీకర్ కాయిల్ కదలకుండా ఓ పక్కకి నిలబడిపోయి వేడెక్కి కాలిపోతుంది. కొలిచేటప్పుడు మీటరు సూదులు రెండూ ఒకదానికొకటి తగలకుండా చూసుకోవాలి. నా చేతులు కొద్దిగా వణికాయి, దాచడమెందుకు.

తరవాత వైర్లు మళ్ళీ మొదటి నుంచి చేశాను. ఈసారి నిదానంగా. తొడుగు ఒక సెంటీమీటరు మాత్రం ఒలిచాను. మొదటిసారి మూడు సెంటీమీటర్లు ఒలిచి, మిగిలిన రాగిని బయటికి వదిలేశాను, అదే కొంప ముంచింది. ఒలిచేటప్పుడు బ్లేడు లోతుగా దిగితే నాలుగైదు పోగులు తెగిపోతాయి, అవే తరవాత విడిపోయి బయటికొస్తాయి. పోగులన్నీ ఒకే దిక్కుకి గట్టిగా పేని, టర్మినల్‌లోకి దూర్చి, బిగించి, వైరు పట్టుకుని లాగి చూశాను. ఊడి రాకూడదు, రాగి బయటికి కనబడకూడదు, అలాగని తొడుగు కూడా స్క్రూ కింద నలగకూడదు. చివర్లకి టంకం పెడితే పోగులు విడిపోవు కదా అని నా తెలివి చూపించబోయాను. అక్క వద్దంది. స్క్రూ ఒత్తిడికి టంకం మెల్లగా అణిగిపోయి, కొన్నాళ్ళకి పట్టు వదులవుతుందట. పేనిన ఉత్త రాగి గానీ, వైరు చివర బిగించి టర్మినల్‌లో గుచ్చే బనానా ప్లగ్గు గానీ మేలు. నేను బనానా ప్లగ్గులు తెచ్చుకున్నాను. వాటితో ఒక్కటే చిక్కు: ఒక చివర ఆంప్‌లో ఉండి, రెండో చివర ప్లగ్గులు నేల మీద పడి ఉన్నప్పుడు ఆంప్ ఆన్ చేస్తే, ఆ రెండూ తగిలి అదే షార్ట్. అందుకని ముందు స్పీకర్ వైపు పెట్టడం, ఆ తరవాతే ఆంప్ వైపు పెట్టడం అలవాటు చేసుకున్నాను. ఆ పనంతా ఆంప్ ప్లగ్గు గోడ నుంచి తీసి ఉన్నప్పుడే.

ఆంప్ వైపు గుచ్చేముందు వైరు చివర మల్టీమీటర్‌తో ఓమ్‌లు కొలుస్తాను. మొదటిసారి ఎడమ స్పీకర్ 6.1, కుడిది 6.3 చూపించేసరికి మళ్ళీ టెన్షన్. వెనకాల 8 ఓమ్‌లని రాసుంది మరి. మీటరు కొలిచేది కాయిల్ డీసీ నిరోధాన్ని. పాట మోగేటప్పుడు స్పీకర్ పెట్టే అడ్డు, అంటే ఇంపెడెన్స్, పాటలో వచ్చే ఫ్రీక్వెన్సీని బట్టి మారుతూ ఉంటుంది, 8 అనేది పేరుకి ఇచ్చిన అంకె. 8 ఓమ్‌ల స్పీకర్ మీటరులో ఆరు చుట్టుపక్కల చూపడం మామూలే. 4 ఓమ్‌లది మూడూ మూడున్నర చూపుతుంది. నాకు కావలసింది రెండు సంగతులు: సున్నాకి దగ్గరగా వస్తే ఎక్కడో షార్ట్, ఏమీ చూపకపోతే ఎక్కడో తెగింది. ఈ కొలత అర నిమిషం పని.

ఇక కంట్రోలర్ నుంచి ఆంప్‌కి. కలిపిన పాట బయటికొచ్చే కంట్రోలర్ మాస్టర్ అవుట్‌పుట్ నుంచి ఆర్‌సీఏ కేబుల్, ఎరుపూ తెలుపూ. ఆంప్ వెనకాల వరసగా సాకెట్లు. ఒకదాని కింద ఫోనో అని ఉంది. ఫోన్‌కి పెట్టేది కాబోలు, ల్యాప్‌టాప్ కూడా అలాంటిదేగా అనుకుని అందులో గుచ్చాను. నవ్వుకోండి. అది ఫోనోగ్రాఫ్‌లో ఫోనో, రికార్డు ప్లేయర్ కోసం. రికార్డు మీది సూది నుంచి వచ్చేది కొద్ది మిల్లీవోల్టులు, అందుకని ఆ సాకెట్ వచ్చిన సిగ్నల్‌ని దాదాపు వంద రెట్లు పెంచుతుంది, బేస్‌ని అంతకంటే ఎక్కువ పెంచుతుంది. కంట్రోలర్ నుంచి వచ్చేదేమో అప్పటికే లైన్ లెవెల్, వోల్టులో మూడో వంతు నుంచి ఒకటీ ఒకటిన్నర దాకా. స్పీకర్లోంచి రేకు చింపినట్టు శబ్దం వచ్చింది. వాల్యూమ్ బాగా కింద ఉండబట్టి సరిపోయింది. ఆక్స్ అని గానీ లైన్ అని గానీ ఉన్న సాకెట్‌లోనే పెట్టాలి.

ఆన్ చేసే వరస కూడా ఉంది. ముందు ల్యాప్‌టాప్, కంట్రోలర్, అన్నిటికంటే చివర ఆంప్. ఆపేటప్పుడు ముందు ఆంప్. తిరగేస్తే కంట్రోలర్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే ఢబ్ అనే దెబ్బని ఆంప్ పెంచి స్పీకర్ మీద కొడుతుంది.

ఇదంతా సర్దుకున్నాక పాట పెడితే వచ్చింది. కానీ బేస్ లేదు. డ్రమ్ము దెబ్బ ఎవరో దిండు కింద పెట్టి కొట్టినట్టుంది. ఒక స్పీకర్ మాత్రమే మోగిస్తే బాగుంది, రెండూ కలిస్తే పల్చబడిపోతోంది. కుడి స్పీకర్‌కి ప్లస్, మైనస్ తారుమారు చేశాను. ఒక స్పీకర్ కోన్ (గాలిని కదిపే గరాటు లాంటి పొర) ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది, బేస్ గాలిలోనే కొట్టుకుపోతోంది. దీనివల్ల ఏదీ కాలిపోదు గానీ, బేస్ రావట్లేదని వాల్యూమ్ పెంచుకుంటూ పోతే మాత్రం కాలిపోతుంది. రెండు తీగలూ ఒకే రంగులో ఉంటే ఏది ప్లస్సో తెలుసుకోవడానికి అక్క చెప్పిన చిట్కా: వైరుని ఆంప్ నుంచి తీసేసి, 1.5 వోల్టుల సెల్లుని ఆ చివర్లకి క్షణం పాటు తాకించాలి. వూఫర్ (బేస్ పలికే పెద్ద కోన్) ముందుకి కదిలితే సెల్లు ప్లస్ తగిలిన తీగే ప్లస్. క్షణమే, పట్టుకుని ఉంచకూడదు. దాని మీద ఎర్ర టేపు చుట్టేశాను.

గది ఆ చివర దాకా వైరు ఎనిమిది మీటర్లు కావలసి వచ్చింది. స్పీకర్లతో వచ్చిన సన్న వైరు అర చదరపు మిల్లీమీటరుది. పోను రాను కలిపి పదహారు మీటర్ల రాగి, అంటే దాదాపు అర ఓమ్‌కి పైనే వైరులోనే పోతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్లది వేస్తే అది 0.2 ఓమ్‌ల లోపుకి దిగింది. ఆ పైన ఎంత ఖరీదైన వైరు వేసినా నా చెవికి తేడా తెలియలేదు. వైరు మిగుల్చుకుందామని రెండు స్పీకర్లకీ మైనస్ ఒకే తీగతో లాగుదామనుకున్నాను కూడా, మూడు తీగల వైరు ఇంట్లో ఉంది కదా అని. ఈ సంగతి చెప్పగానే అక్క గొంతు మారింది. చాలా ఆంపుల్లో, ముఖ్యంగా క్లాస్ డీ అనే రకం ఇప్పటి చిన్న ఆంపుల్లో, నల్ల టర్మినల్ గ్రౌండు కాదు. అందులోనూ సిగ్నల్ ఉంటుంది. రెండు నల్లవీ కలిపితే ఆంప్ పోతుంది. ప్రతి స్పీకర్‌కీ దాని రెండు తీగలు దానికే.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పాత మ్యూజిక్ సిస్టమ్ తాలూకు ఇంకో జత స్పీకర్లు అటక మీద ఉన్నాయని గుర్తొచ్చింది. ఆంప్ వెనకాల ఏ, బి అని రెండు వరసల టర్మినళ్ళు ఖాళీగా పిలుస్తున్నాయి. నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు! ఏ, బి రెండూ నొక్కాను. అదిరిపోయింది. అరగంట తరవాత ఆంప్ పైన చెయ్యి పెట్టలేకపోయాను. ఇంకాసేపటికి పాత నేస్తం ఎర్ర లైటు.

ఈసారి పోగులన్నీ లోపలే ఉన్నాయి. తప్పు లెక్కలో ఉంది. ఏ, బి రెండూ నొక్కితే చాలా ఆంపుల్లో ఆ స్పీకర్లు ఒకదాని పక్కన ఒకటి పారలల్‌గా కలుస్తాయి. అలా కలిపితే అడ్డు తగ్గుతుంది, పెరగదు. నా మొదటి జత 8 ఓమ్‌లు. అటక మీంచి దించినవి 4 ఓమ్‌లు, వెనకాల చిన్న అక్షరాల్లో రాసుంది. ఎనిమిదిని నాలుగుతో గుణించి, ఆ రెండిటి మొత్తం పన్నెండుతో భాగిస్తే 2.67. ఆంప్ వెనకాల ఏం రాసుందో అప్పుడు చదివాను: ఏ గానీ బి గానీ ఒక్కటే అయితే కనీసం 4 ఓమ్‌లు, రెండూ కలిపితే ఒక్కో స్పీకర్ కనీసం 8 ఓమ్‌లు. అంత స్పష్టంగా రాసి పెట్టాక ఇంకెవర్ని తిట్టను?

అంకెల్లో చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. 8 ఓమ్‌ల మీద యాభై వాట్లు రావాలంటే ఆంప్ 20 వోల్టులు ఇస్తుంది, రెండున్నర ఆంపియర్లు పారుతుంది. అదే 20 వోల్టులు 2.67 ఓమ్‌ల మీద పెడితే ఏడున్నర ఆంపియర్లు. ఆంప్ అంత ఇవ్వలేదు, ఇవ్వబోయి వేడెక్కుతుంది. ఒకదాని వెనక ఒకటిగా సిరీస్‌లో కలిపితే అడ్డు పన్నెండు అవుతుంది, ఆంప్‌కి ప్రమాదం లేదు. కానీ వేరు వేరు స్పీకర్లు సిరీస్‌లో ఉంటే పవర్ అడ్డదిడ్డంగా పంచుకుంటాయి, రెండిటి ధ్వనీ పాడవుతుంది. చేసి చూశాను, నచ్చలేదు. అటక సరుకు అటక మీదికే వెళ్ళింది. బి బటన్ మీద టేపు అంటించేశాను. ఆంప్ మీద పెట్టుకున్న ల్యాప్‌టాప్‌ని కూడా ఆ రోజే దించాను, ఆంప్ గాలి రంధ్రాలన్నీ ల్యాప్‌టాప్ కిందే ఉన్నాయి.

హమ్మింగ్ గురించి ఒక్క మాట. ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే స్పీకర్లలో సన్నగా గూ అని మోగేది, తీసేస్తే ఆగేది. ఎర్త్ పిన్ను విరిచేస్తే పోతుందని ఒకరు సలహా ఇచ్చారు. హమ్మింగ్ పోతుంది నిజమే, దాంతో పాటు షాక్ నుంచి కాపాడే దారి కూడా పోతుంది. నేను అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి మార్చాను, సగం తగ్గింది. ఆర్‌సీఏ మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేటర్ పెడితే మిగతాదీ పోయింది.

నిజంగా ఏదైనా పోగొట్టుకున్నది ఆ తరవాత ఒక పుట్టినరోజు రాత్రి. ఆంప్ చానల్‌కి యాభై వాట్లు, స్పీకర్ల మీద వంద వాట్లని రాసుంది. స్పీకర్ సామర్థ్యం ఆంప్ కంటే ఎక్కువ కాబట్టి ఎంత పెంచినా ఫర్వాలేదని నా ధీమా. నేను పక్క గదిలో ఉండగా ఎవరో గెయిన్ (ఒక్కో పాట లోపలికొచ్చే స్థాయి) పెంచారు, ఇంకెవరో మాస్టర్ (కలిపి బయటికెళ్ళే స్థాయి) పెంచారు. నేనొచ్చేసరికి కంట్రోలర్ మీటరు ఎర్రగా నిలబడి ఉంది. అందరూ ఎగురుతున్నారు, ఎలా తగ్గించను? తగ్గించలేదు. గంట తరవాత ఎడమ స్పీకర్లోంచి హై హ్యాట్ (డ్రమ్ముల్లో చిక్ చిక్‌మనే తాళాలు) వినబడటం మానేసింది.

మర్నాడు స్పీకర్ విప్పి ట్వీటర్‌ని (పై శబ్దాలు పలికే చిన్న స్పీకర్) మీటరుతో కొలిస్తే ఏమీ చూపలేదు. కాయిల్ తెగిపోయింది. నా ధీమాలో రెండు తప్పులు. స్పీకర్ మీద రాసిన వంద వాట్లు మొత్తం డబ్బాకి, మామూలు పాటలో పవర్ ఎక్కువగా బేస్ వైపే పోతుందన్న నమ్మకంతో రాసేది. ట్వీటర్ ఒక్కటీ తట్టుకునేది అందులో చిన్న భాగం. రెండోది, యాభై వాట్ల ఆంప్ యాభై దగ్గర ఆగదు. హద్దు దాటించి తోస్తే సిగ్నల్ తలా తోకా నరికినట్టు చదునవుతుంది, దాన్నే క్లిప్పింగ్ అంటారు. పూర్తిగా చదునైన తరంగంలో పవర్ అదే ఎత్తున్న మామూలు సైన్ తరంగంలో కంటే రెట్టింపు. పైగా ఆ నరికిన అంచుల నుంచి కొత్తగా పైస్థాయి ఫ్రీక్వెన్సీలు పుడతాయి, అవి ట్వీటర్‌కే చేరతాయి. కంట్రోలర్‌లోనే ఎర్రబడితే ఆంప్ వాల్యూమ్ తగ్గించినా ఆ నరుకుడు అలాగే ఉంటుంది.

ఇప్పుడు గెయిన్ ఇలా పెట్టుకుంటున్నాను. ప్రతి పాటకీ దాని గోలగా ఉండే చోట గెయిన్ తిప్పి, చానల్ మీటరు పచ్చ దాటి పసుపుని అప్పుడప్పుడు తాకేలా. మాస్టరూ అంతే. తరవాత ఆంప్ వాల్యూమ్ మెల్లగా పెంచి, గొంతు బొంగురు పోకముందే ఆపి, ఆ చోట నాబ్ మీద తెల్ల టేపు ముక్క. ఆ ముక్క దాటనివ్వను. ఇంకొంచెం అని అందరూ అంటారు. కానీ ఆ కొంచెం అంటే ఏమిటి? మూడు డెసిబెల్‌లు పెరగాలంటే పవర్ రెట్టింపు కావాలి, చెవికి రెట్టింపు అనిపించాలంటే పది రెట్లు కావాలి. యాభై వాట్ల ఆంప్‌లో అది లేదు. స్పీకర్లని గోడ మూలకి దగ్గరగా జరిపితే బేస్ ఊరికే పెరుగుతుంది, నేనదే చేశాను.

చెవుల లెక్క కూడా ఇలాంటిదే. అమెరికాలోని నియోష్ అనే సంస్థ పనిచేసే చోట్లకి సూచించిన హద్దు 85 డెసిబెల్‌లు, ఎనిమిది గంటలు. ప్రతి మూడు డెసిబెల్‌లకీ సమయం సగమవుతుంది: 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర పావుగంట. ఫోన్‌లో మీటరు యాప్ పెట్టి చూస్తే ఆ పుట్టినరోజు స్థాయిలో నా గది 98 చూపించింది. ఫోన్ మీటర్లు అంత నమ్మకమైనవి కావు గానీ, నమ్మకపోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

పోయిన ట్వీటర్ మోడల్ ఇప్పుడు తయారు కావడం లేదు. అదే ఓమ్‌లు, అదే సైజు ఉన్న వేరేది తెచ్చి బిగించాను. కుడివైపు కంటే ఎడమవైపు హై హ్యాట్ ఒక పిసరు పదునుగా వినబడుతుంది. నాకు తప్ప ఎవరికీ తెలియడం లేదు, నాకు మాత్రం ప్రతి పాటలో తెలుస్తోంది. పోయిన నెల అక్క వచ్చినప్పుడు కావాలని ఏమీ చెప్పకుండా రెండు పాటలు పెట్టాను. కళ్ళు మూసుకుని విని, బాగుందిరా అంది. తరవాత లేచి, నన్ను ఆంప్ ఆపించి, ప్లగ్గు తనే పీకి, వెనక్కి వంగి ఫోన్ లైటు వేసి, నాలుగు ప్లగ్గుల దగ్గరా వైరుని ఒక్కొక్కటిగా పట్టుకుని లాగి చూసింది.